సోమవారానికి ఇరవైయేడు పేజీలు

పాత విండోస్ తీసేసి కొత్తది వేయించుకోవాలా, వద్దా అన్న ప్రశ్న పదకొండు రోజులుగా అరుణజ్యోతిని నిద్రలో కూడా వదలలేదు. 2011 సెప్టెంబరు నెల. ప్రత్యేక తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై పన్నెండో రోజు. బడులు లేవు, బస్సులు లేవు, కరెంటు వచ్చేదాని కన్నా పోయేదే ఎక్కువ. ఊరంతా రాష్ట్రం సంగతి మాట్లాడుకుంటుంటే, తాను మాత్రం కంప్యూటర్ సంగతి ఆలోచిస్తున్నందుకు ఆమెకు లోలోపల సిగ్గుగా కూడా ఉండేది.

చైతన్యపురి మెయిన్‌రోడ్డు నుంచి లోపలికి తిరిగే రెండో గల్లీలో ఆమె డీటీపీ దుకాణం. పది అడుగుల గది, ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, గోడకు వేలాడే పెళ్ళికార్డుల నమూనాలు. రామన్నపేట పక్క పల్లెలో ఇంటర్ చదివి, పెళ్ళయ్యాక పట్నం వచ్చి, సైదాబాద్‌లో టైపు నేర్చుకుని, 2000లో ఈ గది కిరాయికి తీసుకుంది. భర్త జగన్ ఆర్టీసీలో కండక్టరు. బస్సులు ఆగిన రోజు నుంచి అతడు పొద్దున్నే సమ్మె శిబిరానికి పోతున్నాడు, జీతం ఆగిపోయింది. ఇప్పుడు ఆ ఇంటికి ఈ దుకాణమే ఆధారం. దుకాణానికేమో మెయిన్‌రోడ్డు మీది ఒక కోచింగ్ సంస్థ ఆధారం. తెలుగు పండిత పరీక్షకు వెళ్ళేవారి కోసం ఆ సంస్థ వేసే పుస్తకాలన్నీ పదేళ్ళుగా ఆమె వేళ్ళ కిందనుంచే వెళ్ళాయి.

తెలుగు అక్షరం కూర్చడమంటే ఏమిటో తెలియనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. సీసపు అక్షరాల కాలంలో కంపోజిటరు తన ఎదుట గళ్ళ పెట్టె పెట్టుకుని, ఏ గడిలో ఏ గుణింతముందో చూడకుండానే ఏరి, వరసగా పేర్చేవాడు. ఆ పెట్టెలు పోయాయి గాని పద్ధతి పోలేదు. అరుణజ్యోతి వాడే పాత అక్షరాల ప్రోగ్రాములో అక్షరం వేరు, తలకట్టు వేరు, కొమ్ము వేరు, ఒత్తు వేరు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మీట. ముగ్గులో చుక్కకు చుక్క కలిపినట్టు ఆమె అక్షరాన్ని కట్టేది. కీబోర్డు వైపు చూసి ఎన్నేళ్ళయిందో ఆమెకే గుర్తులేదు. రోజుకు ఇరవై రెండు పేజీలు! ఆ చుట్టుపక్కల అంత వేగం మరొకరికి లేదు.

కోచింగ్ సంస్థ యజమాని ప్రసన్నకుమార్ సమ్మె మొదలైన రోజునే పిలిచి చెప్పాడు. కోస్తా మనిషి, మాట మెత్తన, గడువు మాత్రం గట్టిది.

"మేడమ్, ఇక మీదట మన మెటీరియల్ అంతా వెబ్‌సైట్‌లో పెడతామండి. మీ పాత అక్షరాలు అక్కడ కనబడవు. యూనికోడ్‌లో కావాలి. మల్లికార్జునరావుగారి ఛందస్సు అధ్యాయం ఉంది కదా, ఇరవైయేడు పేజీలు. అది కొత్త పద్ధతిలో ఇరవై ఆరో తారీఖు, సోమవారం పదింటికల్లా ఇవ్వండి. బాగుంటే ఆ పుస్తకం, కొత్తగా వేసే చరిత్ర పుస్తకం పనీ మీవే. లేదంటే దిల్‌సుఖ్‌నగర్‌లో ఇంకో షాపు వాళ్ళు అడుగుతున్నారు. తప్పుగా అనుకోకండి."

ఆమె తప్పుగా అనుకోలేదు. భయపడింది. కొత్త అక్షరాలకు కొత్త విండోస్ కావాలి. కొత్త విండోస్ వేస్తే పాత అక్షరాల ప్రోగ్రాము పనిచేయదు. మళ్ళీ పాతదానికి పోదామన్నా వీలుకాదు. ఆ ప్రోగ్రాము డిస్కు మీద గీతలు పడి నాలుగేళ్ళయింది, అమ్మిన కోఠీ దుకాణం ఎత్తేసి అంతకన్నా ఎక్కువే అయింది. అంటే ఒకసారి దాటితే తిరిగి రావడం లేదు. దాటాక ఆ వేళ్ళకు తెలిసిన విద్య ఎందుకూ కొరగాదు. నలభై ఒకటో ఏట మళ్ళీ ఒక్కొక్క మీట వెతుక్కోవాలి.

‘అప్‌గ్రేడ్’ అన్న మాటకు తెలుగులో ఇంకా ఒక చక్కని మాట కుదరలేదు. ‘స్థాయిని పెంచుట’ అంటే ఉద్యోగంలో పదోన్నతిలా వినబడుతుంది. ‘నవీకరణ’ అంటే గుడికి సున్నం వేయించినట్టుంటుంది. అరుణజ్యోతి మనసులో మాత్రం దానికొక మాట ఉండేది. ‘మార్చుకునుడు’ అనేది. మార్చుకోవడంలో ఒకటి వస్తుంది, ఒకటి పోతుంది. ఆ రెండో సగాన్ని పెద్ద మాటలు దాచిపెడతాయి గాని ఇంటిమాట దాచలేదు.

శనివారం పొద్దున మెకానిక్ సాయినాథ్ వచ్చాడు. ఆమెలాగే నల్లగొండ జిల్లావాడే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కాంప్లెక్సు నేలమాళిగలో అతని రిపేరు దుకాణం. ఈ మధ్య దుకాణంలో కన్నా ఉద్యమంలో ఎక్కువగా కనిపిస్తున్నాడు. బండి హ్యాండిల్‌కు జెండా కట్టి ఉంది.

"అక్కా, జల్ది చెప్పు. వేసుడా, వద్దా? ఒంటిగంటకు నేను ఎల్బీనగర్ చౌరస్తాల ఉండాలె. రోడ్డు మీద వంటా వార్పు ఉన్నది."

"ఒక్క గంటల అయితదా?"

"ముప్పావు గంట. కరెంటు పన్నెండింటికి వస్తది, మళ్ళ రెండింటికి పోతది. మధ్యల పోయిందనుకో, పాతదీ ఉండదు, కొత్తదీ ఉండదు. గిప్పుడే చెప్పాలె."

"నాకు చేతులు వస్తలేవు తమ్మీ. మొన్న నీ దుకాణంల కూసొని చూసిన గద. ఒక్క లైనుకు పావుగంట పట్టింది."

"నువ్వు సైకిల్ నేర్చుకున్ననాడు పడలేదా?"

"నాకు సైకిల్ రాదు."

సాయినాథ్ నవ్వు ఆపుకున్నాడు. "మరి ఛందస్సు రాసిన మీ ఆంధ్రా సారుకు ఫోన్ చేసి అడుగు. ఆయన పుస్తకమే గద."

"నిన్నటి సంది ఎత్తుతలేడు."

"ఎట్ల ఎత్తుతడు? మేం పోయి ఆయనను తింటమనుకుంటుండు."

"నోరు మంచిగ పెట్టు. పెద్దమనిషి."

పన్నెండు దాటి అయిదు నిమిషాలకు కరెంటు వచ్చింది. పంకా తిరగడం మొదలుపెట్టింది. ఆమె తెర వైపు చూసింది. పచ్చని గుట్ట, నీలాకాశం ఉన్న ఆ పాత బొమ్మ మీద ఆమె ఫైళ్ళు వరసగా ఉన్నాయి. పదేళ్ళ పరిచయం. ‘వద్దు’ అనడానికి కావలసిన కారణాలన్నీ ఆమెకు తెలుసు. ‘సరే’ అనడానికి ఒక్కటే కారణం ఉంది, అది సోమవారం పది గంటలకు రాబోతోంది.

"ఫైళ్ళన్నీ తీసినవా?" అనడిగింది.

"డీ డ్రైవు మొత్తం నిన్ననే నా డిస్కుల వేసుకున్న. పదేళ్ళది ఒక్కటి పోదు. ఇది అయినంక అందులకెళ్ళి ఛందస్సు తీసి, మార్చే సాఫ్ట్‌వేర్‌ల వేస్త. ఇరవైయేడు పేజీలు పది నిమిషాలల్ల కొత్త అక్షరాలైతయి. నువ్వు రేపంత కూసొని తప్పులు చూసుకో. అయిపాయె. ఎంటర్ కొట్టాల్నా?"

ఆమె కుర్చీ వెనక్కు జరిపి లేచి నిలబడింది. కూర్చుని ఆ మాట అనలేననిపించింది.

"కొట్టు."

నలభై నిమిషాలు ఇద్దరూ తెర ముందే ఉన్నారు. తెర మీద నూటికి ఎన్ని వంతులయిందో అంకెలు మారుతున్నాయి. ఇరవై మూడు దగ్గర ఎంతసేపటికీ కదలలేదు. అరవై దాటాక కరెంటు ఒకసారి మిణుకుమని, యూపీఎస్ కీచుమని అరిచింది. సాయినాథ్ లేచి దాని మీద చెయ్యి వేశాడు, జ్వరం చూసినట్టు. అరుపు ఆగింది. ఒంటిగంటకు పది నిమిషాలుండగా కొత్త విండోస్ నీలిరంగు తెర వెలిగింది. చాలా అందంగా ఉంది. దాని మీద ఏమీ లేదు.

సాయినాథ్ తన డిస్కు తగిలించి వెతికాడు. మళ్ళీ వెతికాడు.

"అక్కా, ఛందస్సు ఏ పేరు మీద పెట్టినవ్?"

"ఛందస్సు అనే."

"అలంకారాలున్నయి, సంధులున్నయి. ఛందస్సు లేదు. డీ డ్రైవుల యాడ పెట్టినవ్?"

ఆమె తెర దగ్గరికి వంగింది. "డీ డ్రైవుల పెట్టలే. చేతుల ఉన్న పని నేను డీ డ్రైవుల పెట్ట. అయినంకనే పెడత. చేతుల ఉన్నది డెస్క్‌టాప్ మీదనే ఉంటది."

అది ఆమె పద్ధతి. ఆమె ఒక్కర్తిదే కాదు, ఆ గల్లీల్లో డీటీపీ చేసే అందరి పద్ధతీ అదే. నడుస్తున్న పని కంటి ముందు ఉండాలి, గిరాకీ రాగానే తెరవాలి, కరెంటు పోయేలోపు ఒక్క నొక్కుతో భద్రం చేయాలి. పూర్తయిన పనికే లోపలి అర. ఎదుట బల్ల మీద పరచిన వస్తువు బల్లతోనే పోతుందని వారికెవరూ చెప్పలేదు. సాయినాథ్‌కు తెలుసు, కాని అతనికి ఒంటిగంటకు చౌరస్తాలో పని ఉంది.

"డెస్క్‌టాప్ సీ డ్రైవుల ఉంటది అక్కా." అతడు మౌస్ వదిలేశాడు. "సీ డ్రైవే కడిగిన నేను."

"పాతది మళ్ళ వెయ్యి."

"వేసినా ఆ ఫైలు రాదు. నీ అక్షరాల డిస్కు పనిచెయ్యది. నేను అడగకపోతి. నాదే తప్పు."

"నేను చెప్పకపోతి," అందామె. ఏడుపు రాలేదు. శనివారం ఒంటిగంట. సోమవారం పది. నడుమ నలభై అయిదు గంటలు; అందులో కరెంటు ఉండేవి ఎన్నో ఎవరికీ తెలియదు. ఆ అధ్యాయం ప్రతి ఇప్పుడు లోకంలో ఒకేచోట ఉంది. బుధవారం నాడు ఆమె అచ్చుతీసి ఇచ్చిన ప్రూఫు కాగితాల్లో, మల్లికార్జునరావు గారింట్లో, ఎల్బీనగర్ చౌరస్తాకు అవతల.

"నీ బండి మీద చౌరస్తా దాకా దింపు," అంది.

కొత్తపేట పండ్ల మార్కెటు ముందు రోడ్డు అంత వెడల్పని ఆమె అంతకు ముందు ఎప్పుడూ గమనించలేదు. విజయవాడ వైపు పోయే లారీలు ఒక పక్కకు వరసగా ఆగి ఉన్నాయి. చౌరస్తాలో నడిరోడ్డు మీద మూడు రాళ్ళ పొయ్యిలు పెట్టి అన్నం వండుతున్నారు. పోలీసులు ఒక చెట్టు నీడన నిలబడి చూస్తున్నారు. ఆమె బండి దిగి, ఆ పొగలోంచి దాటి, చింతలకుంట వైపు సందులో మూడో ఇంటి తలుపు తట్టింది. ఎవరూ పలకలేదు. మళ్ళీ తట్టి, పేరు చెప్పింది.

మల్లికార్జునరావుగారి భార్య వెంకాయమ్మ తలుపు జానెడు తెరిచింది. "అయ్యో, నువ్వా తల్లీ! ఇంత ఎండలో, ఈ గొడవలో ఎలా వచ్చావే?"

ఆయన లోపల పడకకుర్చీలో ఉన్నారు. గుడివాడ దగ్గరివారు, ముప్పై ఏళ్ళు ఇక్కడి కాలేజీల్లో తెలుగు చెప్పి రిటైరయ్యారు. విషయమంతా విని కళ్ళజోడు తీశారు.

"ప్రూఫులున్నాయమ్మా. దిద్దేశాను కూడా. ఇదిగో."

ఆమె కాగితాలు తిప్పి చూసింది. అంచుల నిండా ఎర్రసిరా, బాణాలు, గురు లఘువుల గుర్తులు. ఆ దస్తూరీ ఈ భూమ్మీద ఆమె ఒక్కతే చదవగలదు; అయినా ఇప్పుడు అది చాలదు.

"సార్, నాకు ఇప్పుడు కండ్లు కీబోర్డు మీద ఉండాలె. కాగితం చూస్తే మీటలు కనబడయి. మీరు పక్కన కూసొని చదివితేనే అయితది. రేపు సాయంత్రం దాకా."

"అంటే నన్ను రమ్మంటావా? చైతన్యపురికా?"

"ఆయన్ని ఎక్కడికీ పంపను," అంది వెంకాయమ్మ వంటింటి గడపలోంచి. "నిన్న పక్కవీధిలో మన వాళ్ళ షాపు మీద ఎవరో రాయి వేశారట. నోరు విప్పితే ఏ ఊరో తెలిసిపోతుంది ఈయనది. మూడు రోజులుగా ఫోను కూడా ఎత్తనివ్వడం లేదు నేను."

అరుణజ్యోతి ఆమెకు ధైర్యం చెప్పలేకపోయింది. రాయి వేయరని తాను చెప్పగలదా? బాధ్యత ఎవరిది? కాగితాలు సంచీలో పెట్టుకుని లేచింది. "అమ్మ చెప్పింది నిజమే సార్. నేను పోత. ఎన్ని అయితే అన్ని కొడత."

ఆమె సందు మలుపు తిరిగేలోపు వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. మల్లికార్జునరావు తువ్వాలు భుజాన వేసుకుని వస్తున్నారు. వెనక వాకిట్లో వెంకాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది.

"మందుల డబ్బా తెచ్చుకున్నాను. పద."

"చౌరస్తాల ఏం మాట్లాడకుండ్రి సార్. నేను మాట్లాడత."

"ముప్పై ఏళ్ళు మాట్లాడటమే నా ఉద్యోగమమ్మా. ఏం చేస్తాం, పద."

పొయ్యిల దగ్గర జనం పెరిగారు. ఇద్దరూ అంచునుంచి జారుకోబోతుంటే, గరిటె పట్టుకున్న లచ్చమ్మ అనే ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది. కూరగాయలమ్మే మనిషి, గొంతు రోడ్డుకు సరిపడా ఉంది.

"పెద్దాయనా, గిట్ల పోతవేంది? తిని పోవాలె."

ఆయన అలవాటు కొద్దీ చేతులు జోడించారు. "వద్దండీ. ఇప్పుడే భోంచేశాను."

ఆ యాసకు చుట్టూ నలుగురు తలలు తిప్పారు. అరుణజ్యోతి ఆయన మోచెయ్యి పట్టుకుంది. లచ్చమ్మ గరిటె దించలేదు.

"భోంచేసిండట! ఏ ఊరు సార్ నీది?"

ఆయన తువ్వాలు సర్దుకున్నారు. అబద్ధం చెప్పవచ్చు. "గుడివాడ దగ్గరమ్మా."

"ఆహా. గుడివాడ." ఆమె వెనక ఎవరో ఏదో అన్నారు, ఎవరో నవ్వారు, ఆ నవ్వు ఎటువంటిదో వెంటనే తెలియలేదు. "మరి మా కొలువులు మాకు ఇడిసిపెట్టుమని మీ ఊరోళ్ళకు జర చెప్తవా సార్?"

"నేను నాది ఎప్పుడో విడిచిపెట్టానమ్మా. రిటైరయి తొమ్మిదేళ్ళయింది."

లచ్చమ్మ ఆయన మొహంలోకి చూసింది, చూసింది, ఫక్కున నవ్వింది. "ఈ సారు ఇడిసిపెట్టిండట! మిగిలినోళ్ళ సంగతే చూడాలె ఇగ." ఆయన చేతిలో ఆకు పెట్టి, ఉడుకుడుకు అన్నం గరిటెడు, మీద ఎర్రటి కూర వేసింది. ఆయన నిలబడే నాలుగు ముద్దలు తిన్నారు. కారం వల్లనో మరెందుకో కళ్ళలో నీళ్ళు.

అప్పటికి సాయినాథ్ చూసి పరుగున వచ్చాడు. "సారును నేను దింపుత అక్కా. నువ్వు వెనక నడుచుకుంట రా. సార్, గట్టిగ పట్టుకోండ్రి."

బండి కదిలింది. హ్యాండిల్‌కున్న గులాబీ జెండా గాలికి వెనక్కు ఎగిరి మల్లికార్జునరావుగారి మొహాన కొడుతుంటే, ఆయన ఒక చేత్తో దాన్ని మర్యాదగా పక్కకు తొలగిస్తూ, మరో చేత్తో సాయినాథ్ భుజం పట్టుకుని పోయారు.

నాలుగింటికి కరెంటు మళ్ళీ వచ్చాక మొదలుపెడితే, మొదటి పేజీకి గంటన్నర పట్టింది. ఉత్పలమాల లక్షణం దగ్గర మొదలు. ఆయన చదువుతారు, ఆమె మీట వెతుకుతుంది. కొత్త పద్ధతిలో ఒత్తుకు వేరే మీట లేదు. పై అక్షరం కొట్టి, పొల్లు కొట్టి, కింది అక్షరం కొడితే యంత్రమే దాన్ని కిందికి దించుతుంది. పదేళ్ళు తన చేత్తో దించినదాన్ని ఇప్పుడు యంత్రం దించుతుంటే ఆమెకు ఒళ్ళు మండింది. వేళ్ళు పాత చోట్లకే పరుగెత్తాయి. తెర మీద అర్థంలేని గుంపులు పడ్డాయి. చెరిపింది, కొట్టింది, చెరిపింది.

"మళ్ళీ చదవనా?"

"చదవండి సార్."

"భ, ర, న, భ, భ, ర, వ. యతిస్థానం పదవ అక్షరము."

"పదవ... ‘వ’ యాడ ఉన్నదో దొరుకుతలేదు సార్."

"తొందర లేదమ్మా. పద్యం ఎక్కడికీ పోదు."

తొందర ఉందని ఇద్దరికీ తెలుసు. ఆ సాయంత్రానికి రెండు పేజీలయ్యాయి. ఆయన ఇంటికి ఫోను చేసి అక్కడే ఉండిపోయారు. ఆదివారం కరెంటు రెండుసార్లు పోయింది. పోయినప్పుడల్లా ఆమె బల్ల మీద వేళ్ళతో మీటలు లేకుండానే కొడుతూ కూర్చుంది, ఆయన చీకట్లో కాగితం లేకుండానే చెబుతూ ఉన్నారు. మధ్యాహ్నం జగన్ శిబిరం నుంచి టిఫిన్ డబ్బా తెచ్చి, ఇద్దరినీ చూసి, పంకా లేని వైపు నిలబడి అట్టముక్కతో కాసేపు గాలి విసిరి వెళ్ళాడు. శార్దూలం దాటాక ఎక్కడో ఆమె కీబోర్డు వైపు చూడకుండా ‘మత్తేభము’ అన్న మాట మొత్తం కొట్టేసింది. ఎలా కొట్టిందో తనకే తెలియలేదు. తిరిగి చూసి కొట్టబోతే రాలేదు.

రాత్రంతా కూర్చుని కొట్టినా సోమవారం తొమ్మిదిన్నరకు పద్నాలుగు పేజీలే అయ్యాయి. ఆమె వాటిని పెన్‌డ్రైవులో వేసుకుని మెయిన్‌రోడ్డు దాటింది. మల్లికార్జునరావు వస్తానన్నారు; వద్దంది. తన వేగం గురించిన మాట తానే చెప్పాలి.

ప్రసన్నకుమార్ తెర మీద పేజీలు ఒక్కొక్కటిగా చూశాడు. "క్లీన్‌గా ఉన్నాయి మేడమ్. కాని ఇరవైయేడు అన్నాను."

ఆమె జరిగిందంతా చెప్పింది, డెస్క్‌టాప్ సంగతితో సహా.

"మిగతా పదమూడు ఎప్పుడిస్తారు?"

పదిరోజుల క్రితమైతే ‘రేపు’ అనేది. ఇప్పుడూ ఆ మాటే నోటిదాకా వచ్చింది. అది అంటే పని తన చేతిలో ఉంటుంది, ఎల్లుండికి అబద్ధమవుతుంది.

"గురువారం సార్. రాత్రంత కొడితే ఇన్ని అయినయి గని, రోజుకు ఐదు పేజీల కన్న నాతోని కాదు. రెండు నెలల దాకా పాత స్పీడు రాదు. వస్తదని నాకు అనిపిస్తున్నది, కాని మాట ఇయ్య."

అతడు పెన్ను బల్ల మీద రెండుసార్లు తట్టాడు. "చరిత్ర పుస్తకం దిల్‌సుఖ్‌నగర్ వాళ్ళకి ఇస్తానండి. దానికి స్పీడు కావాలి. తెలుగు మీ దగ్గరే ఉంచండి. గురువారం అంటే గురువారమే."

సగం పోయింది, సగం మిగిలింది. మెట్లు దిగుతూ, ఏ సగానికి ముందు లెక్క చెప్పుకోవాలో ఆమెకు తోచలేదు. మెయిన్‌రోడ్డు మీద ఊరేగింపు పోతుంటే ఆగి, అది దాటిపోయేదాకా నిలబడింది. కరెంటు పోవడానికి ఇంకా నలభై నిమిషాలుంది. నడక వేగం పెంచింది.

మల్లికార్జునరావు పదిహేనో పేజీ ఒళ్ళో పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. "ఏమన్నాడమ్మా?"

"తెలుగు మనకే ఉన్నది సార్. చరిత్ర పోయింది."

ఆయన కళ్ళజోడు తుడిచి పెట్టుకున్నారు.

"చదవండి సార్," అందామె, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ. "మెల్లగ కాదు. మామూలుగ చదవండి."